నెమళ్లకు తాత అలవాటైన ఏడు

పోయిన నెలలో మా తమ్ముడి మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తుంటే ఊరు వెళ్ళాను. ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. షామియానా కింద రెండో బంతి నడుస్తోంది. అంతలో ఒక మగ నెమలి, తోకను దుమ్ములో ఈడ్చుకుంటూ, పిలవకపోయినా వచ్చిన పెద్దమనిషిలా తాపీగా నడిచొచ్చి నా విస్తరి ముందు ఆగింది. ఖమ్మం పట్నంలో పావురాల రెట్టలు తుడుచుకుంటూ బతికేదాన్ని, గబుక్కున లేచి ఫోను తీశాను. మిగతావాళ్ళెవరూ తల కూడా తిప్పలేదు. మా తమ్ముడి కోడలు మాత్రం పెరుగు బకెట్టుతో వస్తూ, "అత్తమ్మా, దానికి పప్పన్నం పెట్టకు, పొట్ట చెడ్తది. పెరుగన్నమైతే తింటది" అంది. అది సరే గాని, బడిలో మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఇవి గోడ దిగుతాయట. నీళ్ళ ట్యాంకు కింద కారే నల్లా దగ్గర పొద్దున్నే వరుసలో నిలబడతాయట. మొగుడూ పెళ్ళాలు ఎవరింట్లో పోట్లాడుకుంటున్నారో చూసి ఆ ఇంటికి పోవట. ఇది మాత్రం మా తమ్ముడి సొంత కవిత్వం అనుకుంటాను.

నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నానో వాళ్ళకు అర్థం కాలేదు. ఇదే ఊళ్ళో, ఇదే జాతి పక్షితో మా తాత ఒక ఏడాదంతా యుద్ధం చేశాడు. ఆ యుద్ధంలో సైన్యం ఆయనే, ఆయుధం ఆయనే, ఓడిందీ ఆయనే. గెలిచిందెవరో చెప్పడం కొంచెం కష్టం.

తాత అంటే మా నాన్న నాన్న. మణుగూరు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. మా వైపు గనిని బాయి అనే అంటారు. నాన్న కూడా అక్కడే పనిలో చేరి, క్వార్టరు దొరకక అమ్మతో, చంటివాడైన తమ్ముడితో సహా ఇంకో కుటుంబంతో కలిసి ఒకే గదిలో ఉండేవాడు కాబట్టి, నేను ఊళ్ళో తాత దగ్గర, నాయనమ్మ దగ్గర పెరిగాను. తాత బాయి నుంచి బయటికి వచ్చాడు గాని బాయి ఆయనలోంచి బయటికి రాలేదు. తెల్లవారకముందే మొదటి షిఫ్టుకు లేచినట్టు లేచేవాడు. వేపపుల్ల నములుతూ ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు తొడిగేవాడు. ఆయన దగ్గర పెళ్ళిళ్ళకు కట్టే పంచె ఒక్కటి తప్పితే మిగిలిన బట్టలన్నీ ఖాకీయే. నాయనమ్మ టిఫిను డబ్బాలో జొన్న రొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టి ఇస్తే, డబ్బా ఊపుకుంటూ అడవి అంచున ఉన్న మా చేనికి నడిచేవాడు. చేనికి పోతున్నానని ఎప్పుడూ అనలేదు, డ్యూటీకి పోతున్నాననే అనేవాడు. బాయిలో హాజరు వేయించుకోవడాన్ని మస్టర్ అంటారు. తాత గట్టు మీద కాలు పెట్టగానే "మస్టర్!" అని గట్టిగా అరిచేవాడు. ఆ మస్టర్ వేసుకునేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు ఆకాశం వంక చూసి ఇంటికి వచ్చేసేవాడు. సగం సాలు దున్ని ఉంటే సగమే ఉండేది.

నాయనమ్మ వ్యవహారం వేరు. ఆమెకు గడియారంతో పని లేదు, దేవుళ్ళతోనే పని. గూట్లో కుమారస్వామి పటం వెనుక ఒక నెమలి ఈక ఉండేది. దాని మీద రోజూ పసుపు నీళ్ళు చల్లీ చల్లీ అది నెమలి ఈకో ఎండిన కొబ్బరి మట్టో తెలియకుండా అయింది. నెమలి మీద రాయి విసిరితే స్వామికి తగులుతుందని ఆమె నమ్మకం. నెమలిని కొడితే ఫారెస్టువాళ్ళు పట్టుకుపోతారని ఊరి నమ్మకం. కాబట్టి మా చేను మీద పడే నెమళ్ళకు పైన దేవుడి రక్షణ, కింద ప్రభుత్వ రక్షణ. మధ్యలో మా తాత కర్ర ఊపుకుంటూ అరవాలి, అంతే.

ఆ రోజుల్లో నెమళ్ళు ఊళ్ళోకి రావడం ఎరగం. అడవి అంచున పొదల్లో ఉండి, పల్లీలు విత్తిన పొద్దు చూసుకుని దిగేవి. సాలు వెంట ఒక్కో గింజనూ కాలితో తవ్వి, ముక్కుతో తీసి, పొట్టు తీసి తినేవి. అంతకు ముందు ఏడు రెండుసార్లు విత్తితే రెండుసార్లూ వాటి కడుపులోకే పోయింది. విత్తనం కాయలు ఒలవడమంటే మామూలు పని కాదు. వారం పాటు సాయంత్రాలు ముగ్గురం చాప మీద కూర్చుని బొటనవేళ్ళు వాచేదాకా ఒలిచేవాళ్ళం. ఒలిచేటప్పుడు నోట్లో వేసుకోకుండా తాత ఒక పద్ధతి పెట్టాడు. ఒలిచినంతసేపూ నేను పాట పాడుతూనే ఉండాలి. పాట ఆగితే పల్లీ నోట్లో ఉన్నట్టు. నాకు వచ్చిన పాటలు అయిపోతే ఎక్కాలు. అలా ఒలిచిన గింజలు పక్షుల పాలైతే కడుపు మండదా మరి? నాకైతే పదమూడో ఎక్కం కూడా వాటి కడుపులోకే పోయినట్టు అనిపించేది.

అందుకే ఆ ఏడు విత్తే ముందే నాయనమ్మ తేల్చి చెప్పింది. "ఈయేడు గిట్ల పల్లికాయ ఇంటికి రాకపోతే జామాయిల్ పెడుదాం. కన్నయ్య మొక్కలు దెస్తనంటుండు. నాటి పండుకో. నెమలి తినది, పంది తినది."

కన్నయ్య మామ మా గట్టు పొరుగు. అప్పటికే తన చేనంతా కాగితం మిల్లుకు అమ్మే జామాయిల్ చెట్లు వేసి, రోజంతా ఏన్కూరులో చాయ్ తాగుతూ హాయిగా ఉండేవాడు. తాతకు ఆ చెట్టంటే ఒళ్ళు మంట. "అదొక చెట్టానే? నీళ్ళన్ని తాగుతది, నీడియ్యది. చేన్లకు మనిషే పోనక్కర లేకుంటే అది చేనెట్లయితది?" అన్నాడు. అని, కాసేపు మీసం దువ్వుకుని, "సరే. ఈయేడు కాయ ఇంటికి రాకపోతే నువ్వు జెప్పినట్టే" అన్నాడు. తాత మాట ఇచ్చాడంటే అయిపోయినట్టే. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు.

ఆయన ధీమా ఒక్కటే. నెమళ్ళకు తనంటే భయం. అది నిజమే. ఖాకీ చొక్కా గట్టు మీద కనబడితే చాలు, మెడలు చాచి పొదల్లోకి దూరిపోయేవి. తాత వాటిని బాయి భాషలో తిట్టేవాడు. ఆ తిట్లు ఇక్కడ రాస్తే ఈ పుస్తకం ఇంట్లో పెట్టుకోనివ్వరు. కాని తాత మధ్యాహ్నానికి షిఫ్టు దిగి వచ్చేస్తాడు. నెమళ్ళకు ఆ సంగతి వారంలో తెలిసిపోయింది. ఆయన ఇటు గట్టు దిగగానే అవి అటు సాలు ఎక్కేవి. రెండో షిఫ్టు వాటిది.

అప్పుడు తాతకు మహా గొప్ప ఆలోచన వచ్చింది. నన్ను చూస్తే భయపడుతున్నాయి, నేను రోజంతా ఉండలేను, కాబట్టి ఇంకో నన్ను నిలబెడతాను. అందరూ దిష్టిబొమ్మకు చిరిగిన గుడ్డలు కడతారు. తాత తన మంచి ఖాకీ జత తొడిగాడు. కుండకు బొగ్గుతో తన మీసమే దిద్దాడు. పైన బాయిలో వాడిన పగిలిన టోపీ, కింద పాత బూట్లు. చాలక, తాను ఎలా నిలబడతాడో అలాగే ఒక చెయ్యి నడుం మీద ఉండేట్టు వెదురు వంచి కట్టాడు. అది చూసి నాయనమ్మ గుండె బాదుకుంది. బతికున్న మనిషి బట్టలు బొమ్మకు కడతారా అని ఒక పూట ఏడ్చి, తర్వాత దోషం పోవడానికి ఆమే ఒక ఉపాయం కనిపెట్టింది. అది తాత కాదు, తాతకు తమ్ముడు. అంటే ఆమెకు మరిది. ఆ రోజు నుంచి చేనికి వస్తే చాలు, "ఏం మరిదీ, తిన్నవా? ఎండ దెబ్బ తగుల్తది, నీడకు పో" అని పలకరించేది. అలా వరస కలిపేసరికి ఆమె మనసు కుదుటపడింది.

కొన్నాళ్ళు బ్రహ్మాండంగా జరిగింది. విత్తనాలు మొలిచాయి. నెమళ్ళు పొదల అంచున నిలబడి ఖాకీ తమ్ముడిని చూసి మెడలు అటూ ఇటూ తిప్పేవి, దిగేవి కావు. తాతకు నేల మీద కాలు ఆగలేదు. ఏన్కూరు చాయ్ హోటల్లో కన్నయ్య మామ పక్కన కూర్చుని మరీ గొప్పలు చెప్పాడు. నేను బడి నుంచి వచ్చాక మంచె మీద కూర్చుని చదువుకుంటూ కాపలా ఉండేదాన్ని. జరుగుతున్నది ముందుగా చూసింది నేనే. మొదట ఒక ఆడ నెమలి నాలుగు అడుగులు వేసి ఆగింది. మర్నాడు ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. ఖాకీ మనిషి అరవలేదు, కర్ర ఊపలేదు. ఆ మరుసటి వారం అది పిల్లల్ని వెంటబెట్టుకు వచ్చి బొమ్మ నీడలో కూర్చోబెట్టింది. ఇక మగ నెమలి ఏకంగా టోపీ మీదికెక్కి తోక ఆరబెట్టుకుంది. నేను డబ్బా వాయిస్తే కాసేపు ఎగిరి, మళ్ళీ వచ్చేవి.

ఇది విని తాత నమ్మలేదు. మర్నాడు ఆదివారం, మొదటి షిఫ్టు, ఇద్దరం కలిసే వెళ్ళాం. నెమళ్ళన్నీ చేనులోనే ఉన్నాయి. తాత గట్టెక్కి "మస్టర్!" అని అరిచాడు. ఒక్కటీ కదల్లేదు. తలెత్తి ఖాకీ చొక్కాను చూశాయి. ఓ, నువ్వా అన్నట్టు చూసి మళ్ళీ తవ్వుకోసాగాయి. తాత బాయి తిట్లన్నీ వరసగా తిట్టాడు. అవి తింటూనే విన్నాయి. అప్పుడు తాత నోరు తెరుచుకుని, అలవాటుగా ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, దిమ్మెరపోయి నిలబడ్డాడు. అలా నిలబడడమే పొరపాటైంది. అచ్చం బొమ్మలా ఉండేసరికి ఒక నెమలి పిల్ల నడిచొచ్చి ఆయన బూటు లేసు పట్టుకుని లాగింది. అన్నాళ్ళు కూడబెట్టుకున్న భయమంతా ఆ ఖాకీ జతతో పాటు కట్టెకు తొడిగేశాడు పాపం. ఖాకీ అంటే ఏమీ చేయనివాడు అని వాటికి తానే దగ్గరుండి నేర్పించాడు.

అప్పుడే నాయనమ్మ ఎర్ర చీరలో డబ్బా పట్టుకుని గట్టెక్కింది. అంతే, నెమళ్ళన్నీ పరుగో పరుగు. తాత మొహం చూడాలి అప్పుడు! తర్వాతి రోజుల్లో ఆయన పడ్డ అవస్థ ఊరంతా చూసింది. పెళ్ళి పంచె కట్టి వెళ్ళాడు. అది బురద పట్టింది. నాన్న వదిలేసిపోయిన పూల చొక్కా తొడిగి వెళ్ళాడు. చివరికి తల మీద నాయనమ్మ చీర కప్పుకుని కూడా వెళ్ళాడు. దారిలో ఆడవాళ్ళు "ఏందే వదినా, యాడికి?" అని పలకరించి నవ్వేవాళ్ళు. ఏ వేషమైనా రెండు రోజులే పనిచేసేది. ఇప్పుడు పట్నంలో మా అపార్టుమెంటు పావురాలను చూస్తుంటే అనిపిస్తుంది, మనం జంతువుల్ని పెంచుతున్నామనీ తరుముతున్నామనీ అనుకుంటాం గాని, అవి పొద్దున్నే లేచి మనల్నే చదువుతుంటాయి. భద్రాచలం దారిలో కోతి బస్సులో ఎవరి చేతిలో ప్రసాదం ఉందో చూసి మరీ ఎక్కుతుంది. గోడ మీది బల్లి దీపం వెలిగే వేళకు దీపం దగ్గరుంటుంది. వాటికి బడి లేదు, పరీక్ష తప్పితే ప్రాణమే పోతుంది, అందుకే శ్రద్ధగా చదువుతాయి. మనం బద్ధకస్తులం. నెమలికి తాత ఏ వేళ ఏం చేస్తాడో తెలుసు. నెమలి ఏం చేస్తుందో తాతకు ఎన్నడూ తెలియలేదు.

కాయ ఊరే వేళ దగ్గర పడింది. నెమళ్ళు ఈసారి మొక్కల మొదళ్ళు తవ్వడం మొదలుపెట్టాయి. కన్నయ్య మామ జామాయిల్ మొక్కలు చెప్పి పెట్టాననీ, వానలుండగానే నాటాలనీ కబురు పంపాడు. తాత డ్యూటీ దిగగానే ఇంట్లో కూలబడేవాడు. ఒకరోజు ఆయన నిట్టూర్పులు భరించలేక నాయనమ్మ, "ఇంట్ల కూసోని నా పానం దీయకు. అంత పట్టుంటే ఆ మరిదిని పీకి దాని జాగల నువ్వే నిలబడు!" అని కసిరింది. ఆమె తిట్టింది. తాత దాన్ని సలహాగా తీసుకున్నాడు.

కుండ మూతిని తన తల దూరేట్టు పగలగొట్టి, మీసం పైన చూపు ఆనేట్టు రెండు బొక్కలు పెట్టాడు. కట్టెను పీకి పక్కన పడుకోబెట్టి, తన తలకు కుండ తొడుక్కుని, దాని మీద టోపీ పెట్టుకుని, చెయ్యి నడుం మీద వేసుకుని నిలబడ్డాడు. నెమళ్ళు వచ్చాయి. బాగా దగ్గరికి రానిచ్చి, ఒక్కసారిగా ఎగిరి "మస్టర్!" అని కుండలోంచి అరిచాడు. ఆ అరుపు కుండలో తిరిగి ఎంత భయంకరంగా వచ్చిందంటే నేను మంచె మీది నుంచి పుస్తకం వదిలేశాను. నెమళ్ళు ఎగిరిన దుమ్ము కాసేపటిదాకా దిగలేదు. ఆ తర్వాత ఒకరోజు బొమ్మ, ఒకరోజు మనిషి. వరసగా రెండు రోజులు మనిషి, మళ్ళీ బొమ్మ. ఏ పూట ఎవరో వాటికి అంతు పట్టలేదు. మొదటిసారి తాత ఏం చేస్తాడో నెమలికి తెలియకుండా పోయింది. నాయనమ్మ పలకరింపులతో గుట్టు బయటపడుతుందని ఆమెకు కూడా చెప్పేవాడు కాదు. అసలే ఆమెకు కంట్లో పొర, కాస్త దూరముంటే మనిషికీ మానుకూ తేడా తెలియదు.

అలాంటి ఒక సాయంత్రం. ఏన్కూరు సంతకు పోతున్నానని ఇంట్లో చెప్పి తాత వచ్చి కుండ తొడుక్కున్నాడు. ఎండ తగ్గుతోంది. నాయనమ్మ గట్టు మీద గోంగూర కోసుకుందామని వచ్చింది. వెనకాలే కన్నయ్య మామ. ఇద్దరూ తాతకు కొంచెం ఇవతలగా ఆగారు. మంచె మీద నాకు ప్రతి మాటా వినబడుతోంది. కుండలో ఆయనకూ వినబడే ఉండాలి.

"మామ లేడు గద, తెగేసి చెప్తున్న అత్తా. మొక్కలు తెచ్చి దింపుత. నువ్వు ఊ అంటే సాలు" అన్నాడు కన్నయ్య మామ.

నాయనమ్మ గోంగూర గిల్లి కొంగులో వేసుకుంది. తర్వాత మెల్లగా అంది. "వద్దు కన్నయ్యా. జామాయిల్ పెడితే ఆయన పొద్దుగాల లేసి యాడికి పోతడు? నువ్వు చూడలేదు. బాయి ఇడిసిపెట్టి వచ్చిన కొత్తల, ఖాకి అంగి తొడుక్కోని, డబ్బ ఒళ్లె పెట్టుకోని, గోడ దిక్కు మొఖం పెట్టి కూసునేటోడు. పొద్దుగూకేదాక గట్లనే. నాకు మస్తు భయమైంది. ఈ చేను వట్టినంకనే మనిషి మనిషైండు. కాయ రాకుంటే రాకపాయె."

"మరి నువ్వే గదా అత్తా, కాయ రాకుంటే జామాయిలే అని బెదిరిచ్చింది?"

"గట్ల బెదిరియ్యకుంటే గింత పంతానికొస్తడా?" అని ఆమె నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుని, చేను వైపు తిరిగి, "అవ్ గదా మరిదీ? గిది మీ అన్నకు జెప్పకు మల్ల" అంది.

కన్నయ్య మామ తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. నాయనమ్మ కొంగులో గోంగూర మూట కట్టుకుని ఇంటి దారి పట్టింది. ఆమె గట్టు దిగిందో లేదో నెమళ్ళు పొదల్లోంచి వచ్చాయి. మెల్లగా, అనుమానంగా, ఖాకీ మనిషి చుట్టూ చేరాయి. మొదళ్ళు తవ్వడం మొదలుపెట్టాయి. తాత ఇప్పుడు ఎగురుతాడు, ఇప్పుడు అరుస్తాడు అని నేను చెవులు మూసుకుని చూస్తున్నాను. ఆయన ఎగరలేదు. చెయ్యి నడుం మీది నుంచి తీయలేదు. నెమళ్ళు ఆయన బూట్ల మధ్య కాయలు ఏరుకుంటున్నాయి. నాకు భయమేసింది. కళ్ళు తిరిగాయేమో, కుండలో ఊపిరాడలేదేమో అని మంచె దిగి, డబ్బా పట్టుకుని పరిగెత్తాను.

"ఆగు బిడ్డా" అంది కుండ. "డబ్బ కొట్టకు. ఈయ్యాలటికి తిననీ."

ఆ ఏడు కాయ ఇంటికి వచ్చింది. గొప్పగా ఏమీ రాలేదు. నెమళ్ళు తిన్నవి పోగా, చెదలు పట్టినవి పోగా, నడవలో ఒక మూలకు సరిపోయింది. కన్నయ్య మామ చూడ్డానికి వచ్చి ఆ కుప్ప చుట్టూ తిరిగి ఏదో అనబోయాడు. నాయనమ్మ అననివ్వలేదు. "ఇంకేం గావాలె కన్నయ్యా, ఇల్లు నిండింది" అని చాట నిండా కాయలు పోసి అతని చేతిలో పెట్టింది. అతను వెళ్ళాక పచ్చి కాయలు ఉప్పేసి ఉడకబెట్టింది. ఇల్లంతా ఆ మట్టి వాసన, ఉడుకు వాసన. తాత చాప మీద కూర్చుని కాయలు ఒలిచి ఆమె ముందే పెడుతున్నాడు. ఆయన అలా ఒలిచి పెట్టడం నేను అంతకు ముందు చూడలేదు. ఆమె కూడా చూసినట్టు లేదు, ఎందుకొచ్చిన మర్యాద అన్నట్టు అనుమానంగా చూసింది.

"ఏమంటవ్, వచ్చే యేడు ఏం పెడుదాం?" అన్నాడు తాత. చేను సంగతి ఆయన ఆమెను అడగడం అదే మొదలు.

నాయనమ్మ నోట్లో కాయ నములుతూ, అదేం ప్రశ్న అన్నట్టు చెయ్యి తిప్పింది.

"పల్లే పెట్టు. అవి మాత్రం యాడికి పోతయి?"